గిర్రున తిరిగే చక్రం పోయి, మిణుకుమనే ఎర్ర దీపం వచ్చాక

"కొత్త మీటరు పెట్టిన దగ్గర్నుంచి బిల్లు పెరిగిపోయింది" అనే మాట ఒడిశాలోని పర్లాకిమిడిలో ఎంత వినిపిస్తుందో, సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలోనూ అంతే వినిపిస్తుంది. గుణుపూర్, రాయగడ, బరంపురం, జైపూరు, ఎక్కడ నలుగురు తెలుగువాళ్లు కూర్చున్నా కరెంటు బిల్లు ప్రస్తావన వస్తే ఈ మాట రాక తప్పదు. దీనికి రెండు జవాబులు రెడీగా ఉంటాయి. మీటర్లన్నీ ల్యాబులో పరీక్షించినవే, తప్పు చూపించవు అనేది కరెంటు ఆఫీసు జవాబు. మీటర్లను కావాలనే ఫాస్టుగా తిరిగేలా చేశారు అనేది రచ్చబండ జవాబు. రెండూ తొందరపాటు జవాబులే. అసలు ఆ పెట్టె లోపల ఏం కొలుస్తున్నారు, ఎలా కొలుస్తున్నారు, ఆ పద్ధతి ఈ నూట నలభై ఏళ్లలో ఎలా మారింది అన్నది చూస్తే సంగతి చాలావరకు తేటపడుతుంది.

సంతలో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు అమ్మేవాడి చేతి మీద కొనేవాడి కన్ను ఉంటుంది. కుంచం నిండిందా, పైన తలకొట్టాడా, బొటనవేలు లోపలికి పెట్టాడా అన్నీ కనిపిస్తాయి. కాటా అయితే ముల్లు కనిపిస్తుంది. కరెంటుకు ఆ వీలు లేదు. వైర్లో ఎంత పోయిందో ఎవరి కంటికీ కనిపించదు. అందుకే కరెంటు అమ్మకం మొదలైన రోజు నుంచీ దాన్ని ఏదో ఒక కనిపించే వస్తువుగా మార్చి చూపించడమే కొలత పని అయింది. 1880ల మొదట్లో ఎడిసన్ కంపెనీ వాడిన మీటరులో జింకు పలకలు ద్రావణంలో మునిగి ఉండేవి. కరెంటు ప్రవహించిన కొద్దీ ఒక పలక నుంచి జింకు కరిగి రెండోదాని మీద పేరుకునేది. నెలాఖరున మనిషి వచ్చి పలకలు తీసుకెళ్లి తూచి, ఆ బరువు తేడా మీద బిల్లు వేసేవాడు. నిజంగానే కాటా మీద తూచిన కరెంటు అది. కానీ ఇంటివాళ్లు ఆ పలకలు చూసి చెప్పగలిగింది ఏమీ లేదు.

ఆ తర్వాత వచ్చిందే మన తాతల కాలం నుంచి గోడ మీద ఉన్న చక్రం మీటరు. తిరిగే అయస్కాంత క్షేత్రం సూత్రాన్ని ఇటలీ శాస్త్రవేత్త గలిలియో ఫెరారిస్ 1885లో చూపించాడు. నాలుగేళ్లకు హంగేరీ ఇంజనీరు ఒట్టో బ్లాతీ దానితో ఇళ్లకు పనికొచ్చే మీటరు తయారుచేశాడు. లోపల ఒక అల్యూమినియం పళ్లెం, దానికి ఓల్టేజీ చుట్ట ఒకటి, కరెంటు చుట్ట ఒకటి. రెండు చుట్టల క్షేత్రాలూ కలిసి పళ్లాన్ని తోస్తాయి. ఒక శాశ్వత అయస్కాంతం బ్రేకులా పట్టుకుంటుంది. తోపుకూ బ్రేకుకూ సమం కుదిరిన చోట పళ్లెం వేగం ఇంట్లో వాడే వాట్లకు తగ్గట్టు ఉంటుంది. అంచు మీద ఎర్ర గుర్తు. మోటారు వేస్తే గిర్రున, ఒక్క బల్బు ఉంటే తాపీగా. చదువు రాని ముసలమ్మ కూడా ఆ గుర్తు చూసి "ఎక్కడో ఏదో కాలుతోంది, ఆపండి" అనగలిగేది. కొలత పరికరానికి ఇంతకంటే పెద్ద గుణం ఏముంటుంది?

అయితే ఆ పళ్లేనికి ఒక పెద్ద లోపం ఉంది. దాన్ని కదిలించాలంటే ముందు ఇరుసు దగ్గర ఒరిపిడిని గెలవాలి. పది ఆంపియర్ల బేసిక్ కరెంటు (మీటరు ముఖం మీద రాసి ఉండే అంకె) ఉన్న పాత మీటరు కదలడం మొదలవ్వాలంటే దానిలో అర శాతం, అంటే 50 మిల్లీ ఆంపియర్లు కావాలి. 230 ఓల్టుల దగ్గర అది సుమారు పదకొండున్నర వాట్లు. అది కొత్తగా ఉన్నప్పటి లెక్క. ఇరవై ఏళ్లు దుమ్ము పట్టి, బేరింగులో నూనె ఎండి, వానాకాలం చెమ్మ తిన్న మీటరుకు ఇంకా ఎక్కువ కావాలి. అయిదు వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేది 22 మిల్లీ ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ. అంటే రాత్రంతా ఒక్క ఎల్ఈడీ వేసి ఉంచినా పాత చక్రం కదలకపోవచ్చు. ఆ కరెంటు లెక్కలోకే రాలేదు.

కొత్త ఎలక్ట్రానిక్ మీటరులో కదిలే భాగమే లేదు. కరెంటు దారిలో మాంగనిన్ అనే మిశ్రమలోహపు చిన్న ముక్క ఉంటుంది. దాన్నే షంట్ అంటారు. దాని నిరోధం ఒక ఓము లక్ష భాగాల్లో పది ఇరవై భాగాలు. 200 మైక్రో ఓముల షంట్ గుండా అయిదు ఆంపియర్లు పోతే దాని రెండు కొసల మధ్య ఏర్పడేది ఒక్క మిల్లీ ఓల్టు. ఆ మిల్లీ ఓల్టును చిప్ సెకనుకు కొన్ని వేల సార్లు చదివి అంకెలుగా మారుస్తుంది. ఓల్టేజీని కూడా అదే క్షణంలో చదువుతుంది. ఏ క్షణానికి ఆ క్షణం రెండింటినీ గుణించి, కూడుకుంటూ పోతుంది. అంతే, అదే యూనిట్ లెక్క. ఒరిపిడి లేదు కాబట్టి పది, ఇరవై మిల్లీ ఆంపియర్ల దగ్గరే లెక్క మొదలవుతుంది. స్విచ్ ఆపకుండా రిమోట్‌తో మాత్రమే ఆపిన టీవీ, గోడకు వేలాడే చార్జరు, డీటీహెచ్ డబ్బా, అన్నీ పట్టుబడతాయి. పది వాట్లు తీసుకునే డబ్బా రోజంతా ప్లగ్గులోనే ఉంటే నెలకు ఏడు యూనిట్ల పైమాటే. ఇంట్లో వేరే ఏదీ నడవని వేళల్లో పాత మీటరు ఆ కరెంటును చూసీ చూడనట్టు వదిలేసేది.

కాబట్టి బిల్లు పెరిగిందన్న మాట అబద్ధం కాదు, మీటరు దొంగది అన్నదీ నిజం కాదు. కానీ అన్ని ఇళ్ల సంగతీ ఇంతేనని తేల్చేస్తే అన్యాయమే. ఎందుకంటే కొత్త మీటరు పాతదానికి తెలియని ఇంకో పని కూడా చేస్తుంది. ఫేజు వైర్లో పోయే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగి వచ్చే కరెంటునూ రెండింటినీ కొలుస్తుంది. న్యూట్రల్ తీసేసి ఎర్త్ మీద నడిపే దొంగతనాన్ని పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. రెండూ సమానంగా లేకపోతే ఏది ఎక్కువైతే దాని మీద యూనిట్లు లెక్కిస్తుంది.

ఇది ఉమ్మడి ఇళ్లలో తెచ్చే చిక్కు దగ్గర నుంచి చూడాలి. పర్లాకిమిడి పాత వీధుల్లో అన్నదమ్ములు పంచుకున్న పొడుగాటి ఇళ్లు చాలా ఉన్నాయి. వాటాలు వేసుకున్నప్పుడు మీటర్లు రెండయ్యాయి కానీ గోడలో వైర్లు పాతవే. తమ్ముడి వాటాలో రెండు గదుల న్యూట్రల్ వెనకటిలాగే అన్నగారి వైపు కలిసి ఉంటుంది. అన్న ఇంట్లో నాలుగు ఆంపియర్లు వాడుతున్నారు, తమ్ముడి ఇంట్లో ఒకటి అనుకుందాం. తమ్ముడి ఫేజులో వెళ్లిన ఒక ఆంపియరు అన్న మీటరు న్యూట్రల్ గుండా తిరిగి వస్తుంది. అన్న మీటరుకు ఫేజులో నాలుగు, న్యూట్రల్‌లో అయిదు కనిపిస్తాయి. ఎక్కువైన అయిదు మీద లెక్క. తమ్ముడి మీటరుకు ఫేజులో ఒకటి, న్యూట్రల్‌లో సున్నా. ఎక్కువైన ఒకటి మీద లెక్క. వాడింది అయిదు ఆంపియర్లు, బిల్లు పడింది ఆరు మీద. పైగా ఫేజూ న్యూట్రలూ సరిపోలనప్పుడు వెలిగే ఎర్త్ దీపం రెండు మీటర్ల మీదా వెలుగుతుంది, దొంగతనం చేస్తున్నారేమోనన్న అనుమానం వస్తుంది. పాత చక్రం మీటర్లు సాధారణంగా ఫేజునే చూసేవి కాబట్టి ఇన్నేళ్లూ ఈ తప్పు వైరింగ్ ఎవరికీ తెలియలేదు. ఇక్కడ మీటరు సరిగ్గానే కొలిచింది, వైరింగ్ తప్పు. అయినా డబ్బు పోయింది ఇంటివాళ్లదే. టాంగ్ టెస్టర్ (వైరును దవడలో పట్టుకుని కరెంటు చూపే పరికరం) ఉన్న ఎలక్ట్రీషియన్ మీటరు దగ్గర ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి దవడలో పట్టుకుంటే అయిదు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. రెండూ సమానమైతే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపాలి. సున్నా కాకపోతే కరెంటు ఇంకో దారిన తిరుగుతోందన్నమాట.

టాంగ్ టెస్టర్ మాట వచ్చింది కాబట్టి, అందులోనూ రెండు జాతులు ఉన్నాయని చెప్పాలి. ఇంటి కరెంటు ఒకే తీరున పారదు, అలలా పైకీ కిందికీ ఊగుతుంది. చవక రకం టెస్టర్ ఆ అలను సగటు తీసి, దాన్ని 1.11తో హెచ్చవేసి చూపిస్తుంది. కరెంటు అల నున్నగా, సైన్ ఆకారంలో ఉంటేనే ఆ లెక్క సరి. ఫిలమెంటు బల్బులూ ఇస్త్రీ పెట్టెలూ తప్ప వేరేవి లేని రోజుల్లో అల అలాగే ఉండేది. ఇప్పుడు ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు వచ్చాక కరెంటు ఏకధాటిగా రావడం లేదు, అల కొసన చిన్న గుటకలుగా తీసుకుంటున్నారు. అలాంటి కరెంటును చవక టెస్టర్ 30, 40 శాతం దాకా తక్కువ చూపించగలదు. చదరపు అల ఇచ్చే చవక ఇన్వర్టర్ దగ్గర అదే టెస్టర్ 11 శాతం ఎక్కువ చూపుతుంది. ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి ఉన్న టెస్టర్ అయితే ఆకారం ఎలా ఉన్నా అసలు వేడి పుట్టించే విలువనే లెక్కగడుతుంది. మీటరు మీద ఫిర్యాదు రాసేముందు చేతిలోని టెస్టర్ ఏ జాతిదో చూసుకోవడం చాలా అవసరం. లేకపోతే సరైన మీటరును తప్పుడు టెస్టర్‌తో తప్పు పట్టినట్టవుతుంది.

అల ఆకారం మీటర్లనూ తికమక పెట్టగలదని 2017లో గట్టిగా బయటపడింది. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం పరిశోధకులు తొమ్మిది ఎలక్ట్రానిక్ మీటర్లను డిమ్మర్‌తో తగ్గించిన ఎల్ఈడీ, సీఎఫ్ఎల్ దీపాల మీద పరీక్షించారు. అయిదు మీటర్లు ఎక్కువ చూపాయి, అందులో గరిష్ఠ తేడా 582 శాతం. రెండు మీటర్లు 30 శాతం దాకా తక్కువ చూపాయి. ఎక్కువ చూపినవాటిలో కరెంటును పసిగట్టేది రొగోవ్‌స్కీ కాయిల్ అనే తీగ చుట్ట. 1912 నుంచీ తెలిసిన ఈ చుట్టకు ఇనుప గుండె ఉండదు. వేల ఆంపియర్లు పారే చోట కూడా సొమ్మసిల్లదు. రాయగడ జిల్లా తెరుబలిలో ఉన్నలాంటి ఫెర్రో అల్లాయ్ ఫర్నేసుల కరెంటును కొలవడానికి ఇలాంటి చుట్టే అనువు. అయితే అది కరెంటును నేరుగా చూపదు, కరెంటు ఎంత వేగంగా మారుతోందో చూపుతుంది. డిమ్మర్ అలను కత్తితో కోసినట్టు కోస్తే ఆ మార్పు వేగం ఒక్కసారిగా ఎగసి, తర్వాతి ఎలక్ట్రానిక్స్ తట్టుకోలేక లెక్క తప్పుతుంది. అంత తేడా మామూలు ఇంట్లో వస్తుందని దీని అర్థం కాదు, అవి ల్యాబులో కావాలని సృష్టించిన పరిస్థితులు. మనకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. మీటరును నున్నటి అల మీద మాత్రమే పరీక్షించి పాస్ చేస్తే సరిపోదు, ఇళ్లలో నిజంగా ఉండే అల మీద పరీక్షించాలి. 2 నుంచి 150 కిలోహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు రెండు వేల నుంచి లక్షన్నర సార్లు ఊగే అలజడికి మీటరు తట్టుకుంటుందా అని చూసే పరీక్షలు అంతర్జాతీయ ప్రమాణాల్లో చోటు చేసుకున్నది ఇందుకే.

సరిహద్దు పల్లెల్లో వీటన్నిటికంటే రోజూ బాధించేది లో ఓల్టేజీ. ట్రాన్స్‌ఫార్మర్ దూరం, లైను పొడుగు, సాయంత్రమయ్యేసరికి ఓల్టేజీ 190కి పడిపోవడం మామూలే. లో ఓల్టేజీలో మీటరు ఎక్కువ తిరుగుతుందని గట్టి నమ్మకం ఒకటి ఉంది. దీన్ని ఎవరి ఇంట్లో వాళ్లే తేల్చుకోవచ్చు. కావలసింది బకెట్లో పెట్టే వెయ్యి వాట్ల హీటరు కడ్డీ, గడియారం, కాగితం. మీటరు ముఖం మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ అనో, 1600 అనో అంకె ఉంటుంది. ఎర్ర దీపం ఒకసారి మిణుకుమంటే ఒక ఇంపల్స్. పాత చక్రం మీద ఎర్ర గుర్తు ఒకసారి రావడం లాంటిదే ఇది. ఇంట్లో అన్నీ ఆపేసి, దీపం మిణుకు పూర్తిగా ఆగిందో లేదో ముందు చూడాలి. అన్నీ ఆపినా మిణుకుతుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. ఆగితే కడ్డీని నీళ్లలో పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేసి, నీళ్లలో చెయ్యి పెట్టకుండా ఒక నిమిషం మిణుకులు లెక్కపెట్టాలి. 3200 రాసి ఉన్న మీటరులో వెయ్యి వాట్లకు గంటకు 3200, అంటే నిమిషానికి 53 రావాలి.

ఇప్పుడు అసలు మలుపు. లెక్క 53 కాకుండా 36 వచ్చిందనుకోండి. మీటరు స్లోగా ఉందని సంబరపడనక్కర్లేదు. కడ్డీ మీద రాసిన వెయ్యి వాట్లు 230 ఓల్టులకు. 190 ఓల్టుల దగ్గర అదే కడ్డీ 682 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే ఓల్టేజీ తగ్గిన నిష్పత్తికి వర్గంలో వాట్లు తగ్గుతాయి. 682 వాట్లకు నిమిషానికి 36 మిణుకులే సరైన లెక్క. పది లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55కి తేవాలంటే 0.35 యూనిట్ కావాలి. పూర్తి ఓల్టేజీ ఉంటే అది ఇరవై ఒక్క నిమిషాల పని, 190 దగ్గర ముప్ఫై ఒక్క నిమిషాల పని. యూనిట్లు దాదాపు ఒకటే, ఆలస్యంలో చల్లారే వేడి మాత్రం కొంచెం అదనం. కాబట్టి వేడి చేసే వస్తువుల విషయంలో ఆ నమ్మకం నిలవదు. బోరు మోటారు, ఫ్రిజ్ సంగతి వేరు. మోటారు తన పని తాను చేసి తీరాలి కాబట్టి ఓల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది. కరెంటు ఇరవై శాతం పెరిగితే వైర్లలో, చుట్టల్లో వేడిగా పోయేది 44 శాతం పెరుగుతుంది. మీటరుకు ఇవతల పోయే ఆ వేడంతా వినియోగదారుడి ఖాతాలోనే పడుతుంది. అక్కడ మాత్రం ఆ నమ్మకంలో నిజం ఉంది. తప్పు మాత్రం మీటరుది కాదు, లైనుది.

ఈ పరీక్షతో ఒక శాతం తేడా పట్టుకోలేరని కూడా ఒప్పుకోవాలి. కడ్డీ మీది వాట్లే అయిదు, పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. కానీ బిల్లు రెట్టింపు అయిందన్న అనుమానం ఉంటే దాన్ని తేల్చడానికి ఇది ధారాళంగా చాలు.

ఇళ్లలో ఒక శాతం తేడా పెద్ద సంగతి కాదు. రాష్ట్రాల మధ్య అయితే అదే కొండంత. కోరాపుట్ జిల్లాలో ఒనకఢిల్లి దగ్గర మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. 17 మెగావాట్ల జనరేటర్లు మూడు, 23 మెగావాట్లవి మూడు, మొత్తం 120 మెగావాట్లు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉమ్మడి ఆస్తి. ఆరు జనరేటర్లూ రోజంతా పూర్తిగా తిరిగితే వచ్చేది 28 లక్షల 80 వేల యూనిట్లు. ఇంటి గోడ మీద ఉండే ఒక శాతం తరగతి మీటరు అక్కడ పెడితే రోజుకు 28,800 యూనిట్ల దాకా ఎవరివో తేలకుండా పోవచ్చు. అందుకే సరిహద్దు దాటే లైన్ల మీద 0.2ఎస్ తరగతి, అంటే 0.2 శాతం తరగతి మీటర్లు పెడతారు. లైన్లోని పెద్ద కరెంటునూ ఓల్టేజీనీ తగ్గించి మీటరుకు అందించే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, ఓల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ల తప్పు కూడా కలుస్తుంది కాబట్టి వాటికీ అంతే కచ్చితత్వం కావాలి. 2002-03లో దేశమంతటా కొత్త టారిఫ్ పద్ధతి వచ్చాక ఈ మీటర్లు పదిహేను నిమిషాలకోసారి, రోజుకు 96 సార్లు, ఎంత కరెంటు ఎటు పోయిందో, ఆ పదిహేను నిమిషాల్లో సగటు ఫ్రీక్వెన్సీ (అల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) ఎంతో రాసిపెడుతూ వచ్చాయి. రెండు రాష్ట్రాల ఇంజనీర్లకు ఒకరి మీద ఒకరికి అపనమ్మకం ఉన్నా, ఆ 96 అంకెలను ఇద్దరూ ఒప్పుకుంటారు. మీటరు మీద నమ్మకం అంటే అలా ఉండాలి. ఇద్దరికీ ఒకే అంకె, ఒకే సమయంలో కనబడాలి.

ఫ్రీక్వెన్సీ అన్నాం కదా, దాని గురించి ఈ ప్రాంతానికే చెల్లిన విశేషం ఒకటుంది. 2013 డిసెంబరు 31 దాకా దక్షిణాది గ్రిడ్, అంటే అక్కడి కరెంటు లైన్ల వల, మిగతా దేశంతో ఒకే తాళం మీద నడవలేదు. ఒడిశా తూర్పు గ్రిడ్‌లో, ఆంధ్ర దక్షిణ గ్రిడ్‌లో. విశాఖ గాజువాక దగ్గర ఏసీని డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేసి అవతలికి పంపేవాళ్లు, రెండు గ్రిడ్‌ల లయలు కలవవు కాబట్టి. అంటే మామూలు రోజుల్లో పర్లాకిమిడిలో ఫ్రీక్వెన్సీ మీటరు ఒక అంకె చూపిస్తుంటే, అదే క్షణంలో పక్కనున్న పాతపట్నంలో ఇంకో అంకె. 50 హెర్ట్జ్‌కు ఒకటి కొంచెం పైన, ఇంకొకటి కొంచెం కింద. గడప దాటితే భాష మారని చోట కరెంటు లయ మారేది. 2012 జూలై 31 మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు చాలావరకు కుప్పకూలినప్పుడు దక్షిణాది నిలబడింది ఈ విడి లయ వల్లనే. 2013 చివరి రోజున రాయచూరు-షోలాపూరు 765 కేవీ లైనుతో దేశమంతా ఒక్క ఫ్రీక్వెన్సీ అయింది. ఇప్పుడు రెండు ఊళ్లలోనూ అంకె ఒక్కటే.

ఒక్కటయ్యాక కష్టం కూడా ఒక్కటే అవుతుంది కాబట్టి కొలత ఇంకా పదును తేరాల్సి వచ్చింది. పాత పద్ధతిలో కంట్రోలు రూముకు సబ్‌స్టేషన్ల అంకెలు కొన్ని సెకన్లకోసారి, కాస్త వెనకా ముందుగా వచ్చేవి. గ్రిడ్ కూలిపోవడానికి ఆ కొన్ని సెకన్లే చాలు. ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్ అనే పరికరం సెకనుకు 25 సార్లు అల ఏ కోణంలో ఉందో చెబుతుంది, ప్రతి అంకె మీదా జీపీఎస్ గడియారం ముద్ర వేస్తుంది. 50 హెర్ట్జ్ అలలో ఒక మైక్రో సెకను తేడా 0.018 డిగ్రీ కోణంతో సమానం. అంత సన్నగా సమయం తెలిస్తేనే వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు సబ్‌స్టేషన్ల అలలను పక్కపక్కన పెట్టి పోల్చగలరు. ఈ పరికరాన్ని 1988లో అమెరికా వర్జీనియా టెక్‌లో రూపొందించినవారిలో ముఖ్యుడు మన దేశంలో పుట్టిన అరుణ్ ఫడ్కే. 2012 చీకటి తర్వాతి ఏళ్లలో మన గ్రిడ్‌లో వీటిని పెద్ద ఎత్తున పెట్టారు.

ఈ అంకెలన్నీ దేనికి కట్టుబడి ఉన్నాయి? గోడ మీటరును సరిచూసేది టెస్టింగ్ ల్యాబులోని రిఫరెన్స్ మీటరు. దాన్ని సరిచూసేది ఇంకా పైనున్న ల్యాబు. అలా మెట్లెక్కుతూ పోతే చివరికి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వస్తుంది. ఒకప్పుడు ఆ చివరి మెట్టు మీద ఉండేది గాజు గొట్టంలో రసాయనాలు పోసిన వెస్టన్ సెల్, 1.018 ఓల్టులు ఇచ్చేది, కుదిపినా వేడెక్కినా మారిపోయేది. ఇప్పుడు ఓల్టుకు ఆధారం 1962లో జోసెఫ్‌సన్ ఊహించిన క్వాంటమ్ ప్రభావం, ఓముకు ఆధారం 1980లో క్లిట్జింగ్ కనిపెట్టిన క్వాంటమ్ హాల్ ప్రభావం. ఆ రెండోదానిలో కనిపించే నిరోధం 25,812.807 ఓములు. ఢిల్లీలో కొలిచినా టోక్యోలో కొలిచినా అంతే. 2019 మే 20 నుంచి ఆంపియరుకే కొత్త నిర్వచనం వచ్చింది. అనంతమైన పొడుగున్న రెండు తీగల మధ్య బలం అనే పాత ఊహ పోయి, ఎలక్ట్రాన్ ఆవేశం 1.602176634 × 10⁻¹⁹ కూలంబ్ అని ఖరారైంది. ఆ మార్పుతో ఓల్టు కోటికి ఒక భాగం మేర జరిగింది. ఏ ఇంటి బిల్లులోనూ అది కనబడదు.

స్మార్ట్ మీటర్లు ఈ గొలుసు చివర వచ్చిన తాజా మెట్టు. 2015లో మన దేశ ప్రమాణం ఐఎస్ 16444 వచ్చింది. 2021లో కేంద్రం మొదలుపెట్టిన పథకం 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లను లక్ష్యంగా పెట్టుకుంది. కొలిచే భాగం అంతకుముందు ఎలక్ట్రానిక్ మీటరుదే, అదనంగా వచ్చింది మాట్లాడే భాగం. అరగంటకోసారి ఎంత వాడారో రాసుకుని పంపుతుంది. కరెంటు పోతున్న ఆఖరి క్షణంలో కెపాసిటర్‌లో మిగిలిన కాస్త శక్తితో "పోయింది" అని ఒక సందేశం పంపగలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళాన్నీ గజపతి జిల్లానూ ఊడ్చేసినప్పుడు ఏ కొండ మీది పల్లెకు కరెంటు లేదో మనిషి ఎక్కి చూస్తే తప్ప తెలియని పరిస్థితి. అలాంటి చోట ఈ ఒక్క సందేశం ఎంతో విలువైనది. కానీ సందేశం వెళ్లాలంటే సిగ్నల్ ఉండాలి. రాయగడ, గజపతి ఘాట్లలో ఫోనుకే సిగ్నల్ దొరకని మలుపులు ఎన్నో. అక్కడ మీటరు అంకెలు తనలోనే దాచుకుని, సిగ్నల్ దొరికినప్పుడు ఒక్కసారిగా పంపుతుంది. ప్రీపెయిడ్ ఖాతాలో అప్పుడు ఒక్కసారిగా డబ్బు తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడటం సహజం. ఇది పరికరం లోపం కాకపోయినా, ముందే చెప్పకపోవడం మాత్రం కచ్చితంగా లోపమే.

అసలు దిగులు ఇక్కడే. జింకు పలకల నుంచి స్మార్ట్ మీటరు దాకా కచ్చితత్వం పెరుగుతూనే వచ్చింది, కంటికి కనబడేది మాత్రం చక్రంతోనే ఆగిపోయింది. ఎర్ర దీపం ఉన్నా అదేమిటో ఎవరూ చెప్పలేదు. డిస్‌ప్లే మీద ఓల్టేజీ, కరెంటు, పవర్ ఫ్యాక్టర్, మాగ్జిమం డిమాండ్ ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటే యూనిట్ల అంకె ఏదో తెలియక ఎవరో పక్కింటి కుర్రాణ్ణి పిలుస్తారు. ఒడిశా వైపు బిల్లు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తుంది, తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దవాళ్లు అంకె తప్ప ఇంకేమీ చదవలేరు. కొండల మీద సవర కుటుంబాలకు ఆ మాత్రం కూడా లేదు. ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు జనం మాట్లాడే మాటలోనే చదువు ఉండాలని పట్టుబట్టారు, సవరలకు వాళ్ల భాషలో పాఠాలు తయారుచేశారు. అంత పని జరిగిన ఊళ్లో మీటరు చదవడం నేర్పే ఒక్క కాగితం దొరక్కపోవడం బాధగా ఉంది.

హక్కు అయితే కాగితం మీద ఉంది. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, మీటరు అంకె వాడకానికి తగ్గట్టు లేదని ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టాలి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు సరిహద్దు లైను మీద చేసుకునే పనే ఇది, ఒక ఇంటి మేరకు. ఫిర్యాదు రాసేటప్పుడు తేదీ, ఆ సమయంలో ఓల్టేజీ, మీటరు మీది ఇంపల్స్ అంకె, హీటరు కడ్డీ వాట్లు, నిమిషంలో లెక్కపెట్టిన మిణుకులు, ఈ అయిదూ రాసి ఇస్తే "మీటరు ఫాస్టుగా ఉంది" అనే ఒక్క వాక్యం కంటే ఎన్నో రెట్లు బరువు ఉంటుంది. అదే అయిదింటినీ ఎలా చూడాలో తెలుగులో, ఒడియాలో, సవరలో అచ్చువేసిన అట్టముక్క ఒకటి ప్రతి కొత్త మీటరు కిందా మేకుకు తగిలిస్తే, దానికయ్యే ఖర్చు మీటరు ఖరీదులో లెక్కలోకి కూడా రాదు.